రెండు వేళ్ళు, ఒక చుక్క

పోయిన వారం తునికిబండ తండా బడి వరండాలో హెప్సిబా తన సంచీ జిప్పు లాగుతుండగా ఆగాం. చుట్టూ తండా అంతా కూర్చుని ఉంది. నడుమ ద్వాలి చింపి పారేసిన కాగితం ముక్కలున్నాయి. వాటికి అవతల హాతీరాం, భుజం మీది గొడ్డలి దించకుండా నిలబడ్డాడు. గొడ్డలి పొద్దున కట్టెలకు పోయినప్పటిదే, ఎవరి మీదికీ కాదు. కానీ దించమని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను, పాతవాళ్ళు విసుక్కోకండి. చర్ల చుట్టుపక్కల అడవి అంచున పోడు కొట్టుకుని బతికే పద్నాలుగు తండాలు పట్టాల కోసం దరఖాస్తు పెడుతున్నాయి. ఎవరి చెలక ఎక్కడివరకో తండా తానే పటం గీసి ఇవ్వాలి. ఆ పటాలు గీయించే పనిని ఖమ్మంలో మురళీకృష్ణ అనే ఆయన నడిపే చిన్న సంస్థ తలకెత్తుకుంది. ఆయన దగ్గర కంప్యూటర్ పనంతా చూసేది హెప్సిబా, ఆ ఊళ్ళోనే ఖానాపురం హవేలి పేట పిల్ల. మూతబడ్డ ఒక షాపింగ్ మాల్ నుంచి పాత టచ్ తెరలు తెచ్చి, వాటిని బతికించి, అడవి దాకా మోసుకొచ్చింది ఆమే.

బతికించడం అంటే మాటలు కాదు. ఆ తెరలు చేసినవాళ్ళు వాటి గుట్టు ఎవరికీ చెప్పలేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఉచితంగా కూర్చి పెట్టిన లినక్స్ అనే వ్యవస్థ మీద అవి రాయిలా పడి ఉండేవి. హెప్సిబా నాలుగు నెలలు కూర్చుని వాటికోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. డ్రైవర్ అంటారు దాన్ని. తెర చెప్పేది కంప్యూటర్‌కి విప్పి చెప్పే దుబాసీ అనుకోండి. దాన్ని ఆ లినక్స్ పెద్దలకు మెయిల్లో పంపితే, వాళ్ళు అక్షరం అక్షరం చదివి, తప్పులు పట్టి, చివరికి ఒప్పుకున్నారు. ఆ రోజు హెప్సిబా ఇంట్లో కేకు కోశారు. వాళ్ళమ్మ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

ఇక తండా సంగతి. ఇక్కడ హద్దు రాయి పాతేటప్పుడు రెండువైపుల వాళ్ళూ ఒకేసారి దాని మీద చెయ్యి పెట్టాలి. ఒక్క చెయ్యి పడ్డ రాయి దొంగ రాయి. చెయ్యి పెట్టి తర్వాత మాట మార్చినవాళ్ళకి తండాలో ఎవరూ సాక్షి నిలబడరు. అందుకే పటం గీసేటప్పుడు కూడా తెర మీద ఇద్దరూ ఒకేసారి వేళ్ళు పెడతామన్నారు. హెప్సిబాకి ముచ్చటేసింది. వేళ్ళు రెండూ ఒకచోట కలిస్తే ఒక పచ్చ చుక్క పడేటట్టు, కలవకపోతే రెండు ఎర్ర చుక్కలు పడేటట్టు చేసింది. పచ్చదైతే ఒప్పందం, ఎర్రదైతే పంచాయితీ.

ద్వాలి, హాతీరాం పక్కపక్క చెలకల వాళ్ళు. నెల కిందట ఇద్దరూ ఒకేసారి వేలు పెట్టారు, పచ్చ చుక్క పడింది, అవతలివాళ్ళు తన చోటికే ఒప్పుకున్నారనుకుని ఇద్దరూ నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు. తీరా పటం అచ్చయి వచ్చాక చూస్తే, ద్వాలి, ఆమె తమ్ముడు మూడు ఎండాకాలాలు తవ్విన బావి హాతీరాం వైపు పడింది. హాతీరాం తాత కాలం నాటి ఇప్పచెట్లు ద్వాలి వైపు పడ్డాయి. నేను ఒప్పుకోలేదని ఆమె, నేనూ ఒప్పుకోలేదని అతను. కోపం పట్టలేక ద్వాలి కాగితం చింపింది. అక్కడే చిక్కుకుంది పాపం, ఎందుకంటే చింపినవాళ్ళ మీదే ముందు అనుమానం పడుతుంది.

సరే, సంచీ తెరుచుకుంది.

హెప్సిబా తెరని బల్ల మీద నిలబెట్టి మీట నొక్కింది. ఆమెకి తన పనిమీద ఎంత నమ్మకమంటే, ఆ క్షణాన ఆమె మనసులో ద్వాలి మీద జాలి తప్ప భయం లేదు. తండా నాయక్ హరిలాల్ ముందుకు వంగి చూశాడు. డెబ్బై దాటిన మనిషి, చూపు ఆనదు, కానీ చెవులు పాము చెవులు.

ఇద్దరినీ మళ్ళీ వేలు పెట్టమన్నారు. తెర మీది చెలకల బొమ్మలో ద్వాలి బావి అవతల గట్టు మీద పెట్టింది. హాతీరాం ఇప్పచెట్ల ఇవతల గట్టు మీద పెట్టాడు. తెర మీద రెండు ఎర్ర చుక్కలు, దేని చోట అది, ఏ తకరారూ లేకుండా వెలిగాయి.

జనంలో గుసగుస లేచింది. యంత్రం మంచిగనే ఉన్నది కదా అని ఎవరో అన్నారు. యంత్రం మంచిదైతే, ఆరోజు పచ్చ చుక్క పడిందంటే ఇద్దరి వేళ్ళూ కలిసినట్టే కదా. కలిసి, ఇవాళ కాదంటున్నారంటే ఎవరో ఒకరు మాట మార్చినట్టే కదా. లెక్క అంత తేలికగా తేలిపోయింది.

హరిలాల్ ఆ గుసగుసలన్నీ విన్నాడు. తర్వాత ద్వాలి వైపు తిరిగి, అన్నం తిని వచ్చినంక మాట జెప్తా అన్నాడు. ఆ మాట ఏమిటో అందరికీ తెలుసు. దరఖాస్తు మీద ఇద్దరు పెద్దల సాక్షి సంతకాలు ఉండాలి. సాక్షి లేని దరఖాస్తు చిత్తుకాగితం. బావి ఒక్కటే కాదు, ద్వాలి మూడెకరాలూ పోతాయి. ఆమె కొంగు ముడి పట్టుకుని కూర్చుంది. వాళ్ళక్క పుష్పది నాగులగుట్ట తండా. ఆమె పటం ఏ గొడవా లేకుండా పూర్తయిందని మొన్ననే చెల్లెలికి బెల్లం పంపింది. ఆ బెల్లం పొట్లం ఇంకా ద్వాలి కొంగులోనే ఉంది.

అందరూ తినడానికి లేచారు. మురళీకృష్ణ పోతూ పోతూ తెర పక్కనున్న చిన్న బటన్ నొక్కాడు. తెర నల్లబడింది. అది ఆయన అలవాటు. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం మనిషి. మోటారు వృథాగా తిరిగితే ప్రాణం ఉసూరుమనే రకం. అడవిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, పని లేనప్పుడల్లా యంత్రాన్ని నిద్రపుచ్చితే బ్యాటరీ మిగులుతుందని పద్నాలుగు తండాల్లోనూ అదే పాటించాడు. హెప్సిబా ఎన్నోసార్లు చూసింది. ఏనాడూ పట్టించుకోలేదు.

తిని వచ్చేసరికి రెండున్నర. హరిలాల్ గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ద్వాలి లేచి నిలబడింది. ఏడవలేదు, బతిమాలలేదు.

"నాయక్, నువ్వు జెప్పే మాట నేను వింట. దానికన్న ముందు ఇంకొక్కసారి ఏలు పెడ్త. ఆ దినం గూడ అన్నం తిన్నంకనే పెట్టినం. గట్లనే పెడ్త."

హాతీరాం పళ్ళు నూరుతూనే వచ్చాడు. హెప్సిబా బటన్ నొక్కి తెరను లేపింది. ఇద్దరూ పొద్దున పెట్టిన చోట్లలోనే, జానెడు ఎడంతో, ఒకేసారి వేళ్ళు ఆనించారు.

ఒక్కటే చుక్క. పచ్చది. ఇద్దరి వేళ్ళకీ సరిగ్గా మధ్యన, ఎవరూ ముట్టని చోట.

హెప్సిబా ఆ చుక్కనీ, తెర పక్కనున్న బటన్‌నీ చూసింది. మిగతావాళ్ళకి ఇంకా ఏమీ అర్థం కాలేదు, ఆమెకి మాత్రం మొత్తం అర్థమైపోయింది. ఆ తెరకి రెండు బుద్ధులున్నాయి. పుట్టుకతో వచ్చింది, ఒక్క బాణం గుర్తునే నడిపే కంప్యూటర్ మౌస్ బుద్ధి. దానికి ఒక్క వేలే తెలుసు. రెండు వేళ్ళు పెడితే ఎటూ తేల్చుకోలేక నడిమధ్యన ఒక్కటి చూపిస్తుంది. నేర్చుకున్న బుద్ధి రెండోది. పది వేళ్ళనైనా విడివిడిగా గుర్తుపడుతుంది. లేచినప్పుడల్లా 'వేళ్ళన్నీ విడిగా చూడు' అని దానికి డ్రైవర్ చెప్పాలి. మీట వేసి కొత్తగా లేపినప్పుడు హెప్సిబా రాసిన డ్రైవర్ ఆ మాట చెబుతుంది. నిద్రలోంచి లేచినప్పుడు చెప్పదు. ఆ ఒక్క వరస ఆమె రాయలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మరి ఈ తెర మాత్రం ఎక్కడికి పోతుంది!

రాయకపోవడం ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. అంతకంటే పెద్దది ఇంకొకటుంది.

డ్రైవర్ పంపిన రోజుల్లో, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి మెయిల్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఈ తెర నిద్ర లేచాక కూడా రెండు వేళ్ళు గుర్తుపడుతోందా, చూశారా అని. ఆ మర్నాడే యంత్రాలు చర్ల బండెక్కాలి. మురళీకృష్ణ గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. మాల్‌లో పగలూ రాత్రీ వెలిగిన తెరకి నిద్రేమిటిలే అనుకుంది హెప్సిబా. చూశాను, బాగానే ఉంది అని జవాబు రాసింది. అడుగున 'పరీక్షించినవారు' అనే వరసలో తన పేరు పెట్టింది. ఆ లోకంలో ఆ వరసకి చాలా విలువ. దాన్ని నమ్మే మిగతావాళ్ళు మళ్ళీ పరీక్షించరు.

ఆమె చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

మురళీకృష్ణకి కూడా విషయం అందింది. మనిషి చురుకే. ఆమె భుజం దగ్గరికి వంగి, పెదవులు కదలకుండా అన్నాడు. "నోరు మెదపకు హెప్సిబా. ఏదో కరెంటు తేడా అని చెప్పి తీసేయ్. ఈ ఒక్క రాయీ తర్వాత మనమే నెమ్మదిగా సర్దుదాం."

సర్దవచ్చేమో కూడా. ఆ క్షణాన హెప్సిబాకి అది నిజంగానే దారిలా కనిపించింది. ఆమెని చెడ్డది అనుకోకండి, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, నలుగురూ మెచ్చుకున్న ఒకే ఒక్క పని చేతిలో పగిలిపోతుంటే అతికించే దారి వెతుక్కోదా? కానీ ఎదురుగా ద్వాలి తన వేలినే చూసుకుంటోంది. వేలు ఎత్తింది, తిప్పి చూసుకుంది, కొంగుకు తుడుచుకుంది. తప్పు తన వేలిలో ఉందేమోనని వెతుకుతోంది ఆవిడ. అది చూశాక హెప్సిబా ఇంక ఆగలేకపోయింది.

హరిలాల్ ముందుకు వెళ్ళి నేల మీద కూర్చుంది. తెర సంగతి చెప్పింది. ఇంగ్లీషు ముక్కలు పక్కన పెట్టి, నిద్ర లేచిన పిల్లకి కాసేపు మనుషులు ఆనకపోయినట్టు దీనికి రెండో వేలు ఆనదని చెప్పింది. ఆరోజు ద్వాలి ఒప్పుకోలేదు, హాతీరామూ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నారని యంత్రమే అబద్ధం చెప్పిందని చెప్పింది. పచ్చ చుక్క చూసి శభాష్ అన్నది కూడా తానేనని చెప్పింది. తర్వాత ఆ మెయిల్ సంగతి, తను రాసిన జవాబు సంగతి చెప్పింది. 

ముసలాయన అన్నీ విన్నాడు. ఆయనకి యంత్రం ఎంత అర్థమైందో గానీ, అర్థం కావలసింది అర్థమైంది.

"అంటే, మంచిగున్నదని నువ్వు చెయ్యి పెట్టినవు."

"అవ్ తాతా. పెట్టిన."

"అవతలి దిక్కు చెయ్యి ఎవలది?"

హెప్సిబా తల వంచుకుంది. "ఎవరిదీ లేదు. నేనొక్కదాన్నే పెట్టిన."

హరిలాల్ తెర వైపు చెయ్యి చూపించాడు. 

ఆమె లేచి, కీబోర్డు మీద ఒక వరస కొట్టి తెరకి రెండో బుద్ధి తెప్పించింది. మళ్ళీ వేళ్ళు పెట్టమంది. రెండు ఎర్ర చుక్కలు పడ్డాయి. హాతీరాం వాటిని చూశాడు, ద్వాలిని చూశాడు.

"అంటే ఈమె అబద్ధం ఆడలే," అన్నాడు.

"నువ్వూ ఆడలే," అంది ద్వాలి.

అప్పుడు దించాడండీ గొడ్డలి, గోడకి ఆనించాడు. బావి ఎవరిదో, చెట్లు ఎవరివో ఇంకా తేలలేదు. తర్వాత ఎన్ని పంచాయితీలైనా కానివ్వండి, మాట మార్చారన్న నింద మాత్రం ఇద్దరి మీదా లేదు. ద్వాలికి సాక్షి సంతకం నేనే పెడ్త అన్నాడు హరిలాల్. ద్వాలి కొంగులోని బెల్లం పొట్లం విప్పబోయింది.

సరిగ్గా అప్పుడే బయట జీపు స్టార్టయింది.

మురళీకృష్ణ ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. పద్నాలుగు తండాల కాగితాలూ కట్టకట్టి జీపు ముందు సీట్లోనే ఉన్నాయి. భద్రాచలం ఆఫీసులో ఇవ్వడానికి ఇవాళ సాయంత్రం అయిదు వరకే గడువు. కట్టలో అన్నిటికంటే పైన, ఈ యంత్రం సరిగ్గా పనిచేస్తుందని హెప్సిబా ఆ పొద్దున్నే సంతకం చేసి ఇచ్చిన కాగితం ఉంది. ద్వాలి చింపింది నకలు మాత్రమే. అసలు పటం, బావి హాతీరాం వైపు పడ్డ పటం, ఆ కట్టలోనే పోతోంది. అది ఆఫీసులో పడిందంటే తండా ఏం తేల్చినా, హరిలాల్ ఏం చెప్పినా, ఇద్దరూ ఒప్పుకున్న హద్దు అదే అయిపోతుంది.

హెప్సిబా కేకేసింది. జీపు దుమ్ములో కలిసిపోయింది.

"అరవై కిలోమీటర్ల పైన ఉంటది," అన్నాడెవరో. బస్సు పోయి గంటయింది. షేర్ ఆటో చర్ల దాకా పోతే గానీ దొరకదు.

హాతీరాం మాట్లాడకుండా ఇంటికి పోయి మోటారు సైకిల్ తెచ్చి నిలబెట్టాడు. ద్వాలిని చూడకుండా, బండి ట్యాంకునే చూస్తూ అన్నాడు. "ఎక్కుండ్రి. ఇద్దరూ ఎక్కుండ్రి. ఒక్కలు జెప్తే ఆడ గూడ ఇనరు."

అలా బయల్దేరారు ముగ్గురూ. ముందు హాతీరాం, వెనక ద్వాలి, ఇద్దరి మధ్యన అడకత్తెరలో పోకచెక్కలా హెప్సిబా, ఒళ్ళో తెరతో. ఏ రాయి నిద్రకి ముందు పడిందో, ఏ రాయి తర్వాత పడిందో ఆ యంత్రం లోపల గంటా నిమిషంతో సహా రాసి ఉంటుంది. అది చూపిస్తే చాలు, మంచి రాళ్ళని ఉంచి చెడ్డవాటిని మాత్రం ఆపవచ్చు అని ఆమె దారిపొడవునా తనకు తానే చెప్పుకుంటోంది. గుంత వచ్చినప్పుడల్లా ద్వాలి చెయ్యి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంటోంది. ఆ పొద్దుటిదాకా మొహాలు చూసుకోని ఇద్దరు తన కోసం ఒక బండి ఎక్కారు. హెప్సిబాకి ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది.

చర్ల దాటి మిట్ట ఎక్కగానే సిగ్నల్ తగిలి ఫోన్ మోగింది. మురళీకృష్ణ. గాలి హోరులో వినపడక స్పీకర్ పెట్టింది.

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది పెట్టింది ఆమెని.

"వస్తున్నావని నాకు తెలుసు. రా, వద్దనను. కానీ ఒకటి ఆలోచించుకో. పటాలన్నీ ఆ యంత్రాల మీదే గీశాం. కట్ట మొత్తానికీ హామీ నీ సంతకమే. ఆ సంతకం అబద్ధమని నువ్వు అక్కడ నోరు తెరిచావంటే వాళ్ళు ఒక్క తునికిబండే తీసి పక్కన పెట్టరు. పద్నాలుగు తండాల కట్టా వెనక్కి వస్తుంది. గడువు ఇవాళ్టితో ఆఖరు."

"లోపల అంతా రాసి ఉంది సార్. ఏ రాయి తప్పో నేను చూపిస్తా."

"అయిదు లోపలా? పద్నాలుగు తండాలవి?"

ఆమె ఒళ్ళోని తెరని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

బండి కొంతదూరం అలాగే పోయింది. వెనకనుంచి ద్వాలి అడిగింది, మెల్లగా, చెవి దగ్గరికి వంగి.

"ఆ పద్నాలుగుల నాగులగుట్ట ఉన్నదా బిడ్డా? మా పుష్పక్కది?"

అబద్ధం చెప్పడం ఎంత తేలికో హెప్సిబాకి ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

"ఉంది," అంది.

భుజం మీది చెయ్యి లేచిపోయింది.

హాతీరాం బండి పక్కకి తీసి ఆపాడు. ఇంజిన్ మాత్రం ఆపలేదు. ఫోన్లో గంట మూడున్నర దాటింది. అతను మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"పోదామా, మళ్ళుదామా?"

అతను అడిగింది హెప్సిబాని కాదు, ద్వాలిని.